అటక మీది బీబీసీ మైక్రో, ఇంట్లో వైఫై: మధ్యలో ఒక దుబాసీ

మీరు అడిగినవి మూడు. లెక్కల మాస్టారైన మీ నాన్నగారు, స్కూల్లో పాత సామాను వేలం వేసినప్పుడు కొన్న బీబీసీ మైక్రో మోడల్ బి అనే 1980ల నాటి కంప్యూటర్‌ను అటక మీంచి దించారు. దాన్ని ఇంట్లో వైఫైకి కలపొచ్చా, అందుకు బోర్డు మీద ఏమైనా కోసి అతకాలా, కలిపాక దాంతో చేయగలిగే పనేమైనా ఉందా అని. పెట్టెతో పాటు నాన్నగారు రాసుకున్న ప్రోగ్రామ్‌ల క్యాసెట్లు పదకొండు ఉన్నాయని కూడా రాశారు. ఆ క్యాసెట్ల సంగతి చివర్లో చెబుతాను. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

కలపొచ్చు. బోర్డు మీద ఒక్క తీగ కూడా అతకక్కర్లేదు, దయచేసి అతకొద్దు కూడా. ఈ యంత్రాలు మన దేశంలోని స్కూళ్లకు వచ్చింది పిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి 1984లో మొదలైన క్లాస్ పథకం కింద. కేంబ్రిడ్జ్‌లోని ఆకార్న్ కంపెనీ డిజైన్ చేసిన యంత్రం ఇది. మన ప్రభుత్వ రంగ సంస్థ ఎస్‌సీఎల్ (సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్) ఒప్పందం కుదుర్చుకుని ఇక్కడే కూర్చింది. అలా వచ్చినవాటిలో చాలా భాగం తుక్కు కింద పోయాయి. మీ చేతిలో ఉన్నది మిగిలిన కొద్దివాటిలో ఒకటి. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఉంచి నెట్‌లోకి తీసుకురావడమే నేను పాటించే పద్ధతి. నా దగ్గరున్న రెండు మోడల్ బి లూ అలాగే పనిచేస్తున్నాయి.

ముందు అసలు సమస్య ఏమిటో చూడండి. లోపలున్నది 2 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే 6502 ప్రాసెసర్. మెమరీ మొత్తం 32 కిలోబైట్లు. అందులోనూ 80 అక్షరాల వెడల్పు తెర కావాలని మోడ్ 0 పెడితే 20 కిలోబైట్లు తెరకే పోతాయి. ఇవాళ ఏ వెబ్‌సైట్ తెరవాలన్నా ముందు ఎన్‌క్రిప్షన్ (మాటల్ని రహస్య లిపిలోకి మార్చే) ఒప్పందం జరగాలి, అందుకు వందల అంకెల సంఖ్యలతో గుణకారాలు చేయాలి. 6502కి గుణకారం చేసే ఆదేశమే లేదు, కూడుకుంటూ జరుపుకుంటూ చేసుకోవాలి. కాబట్టి దానికి ఇవాళ్టి నెట్ భాష నేర్పాలని చూడకండి. కుంఫిణీ రోజుల్లో దొరకీ మనవాళ్లకీ మధ్య దుబాసీ కూర్చున్నట్టు, పక్కన ఒక చిన్న చిప్పును కూర్చోబెట్టండి. అటువైపు వైఫై, టీసీపీ ఐపీ అనే నెట్ నియమాలు అన్నీ అది చూసుకుంటుంది. ఇటువైపు మీ యంత్రానికి 1981 నుంచీ తెలిసిన సీరియల్ లైన్ (డేటాను ఒక్కో బిట్‌గా వరసగా పంపే తీగ) మీద మాట్లాడుతుంది.

అయితే వైఫై మాట తర్వాత. ముందు పవర్ సప్లై. మీరు ఇంకా ప్లగ్ పెట్టలేదని రాశారు, చాలా మంచి పని చేశారు. ఈ యంత్రాల పవర్ సప్లైలో కరెంటు లోపలికి వచ్చే చోట తేనెరంగు పారదర్శక ప్లాస్టిక్ పోతపోసిన కెపాసిటర్లు ఉంటాయి, రిఫా అనే పేరు ఉంటుంది వాటి మీద. లోపల కాగితం, పైన ప్లాస్టిక్. నలభై ఏళ్లకు ఆ ప్లాస్టిక్ సన్నగా బీటలు వారుతుంది, చెమ్మ లోపలికి దిగుతుంది. మన కోస్తా ఉక్కలో అటక మీద పడి ఉన్నదైతే ఇక చెప్పక్కర్లేదు. 230 వోల్టులు ఇవ్వగానే బానే పనిచేస్తుంది. ఓ పావుగంట తర్వాత పగిలి గది నిండా పొగ. నా మొదటి యంత్రానికి సరిగ్గా ఇదే జరిగింది. తెర మీద బేసిక్ అని దాని ప్రోగ్రామింగ్ భాష పేరు చూసి ఇంట్లోవాళ్లను పిలిచాను, వాళ్లు వచ్చేసరికి కీబోర్డు వెనక నుంచి తెల్లటి పొగ. బోర్డుకు ఏమీ కాలేదు, కానీ ఆ వాసన మూడు రోజులు పోలేదు.

ఆ కెపాసిటర్లను 275 వోల్టుల ఎక్స్2 రకం పాలీప్రొపిలీన్ వాటితో మార్పించండి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నైలో అయితే రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి. ఈ ఒక్క పని మాత్రం అలవాటు లేకపోతే మీరు చేయకండి. ఆ పెట్టెలో ప్లగ్ తీసేశాక కూడా పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైచిలుకు నిలవ ఉండొచ్చు. మీ వీధిలో టీవీలు బాగుచేసే పెద్దాయన ఎవరైనా ఉంటే తీసుకెళ్లండి, ఆయన చూడగానే గుర్తుపడతారు. ఆ తర్వాత సాకెట్లలో ఉన్న చిప్పుల్ని ఒక్కొక్కటి కొద్దిగా పైకి లేపి మళ్లీ నొక్కండి, కాళ్లకు పట్టిన చిలుము పోతుంది. సగం యంత్రాలు ఇంతమాత్రానికే లేచి కూర్చుంటాయి.

తెర గురించి ఎక్కువ చెప్పను. పాత టీవీ ఉంటే దానికి పెట్టండి. కొత్త టీవీకైతే ఆర్‌జీబీ టు హెచ్‌డీఎంఐ అని రాస్ప్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్‌తో నడిచే చిన్న బోర్డు ఉంది, బొమ్మ కడిగిన ముత్యంలా వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, యంత్రం వెనక ఆర్ఎస్423 అని రాసి ఉండే గుండ్రటి సాకెట్. ఐదు పిన్నులు, పాచిక మీద ఐదు చుక్కల్లా ఉంటాయి, నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి. నడుమది గ్రౌండ్. మిగతావి డేటా లోపలికి, డేటా బయటికి, ఇక పంపు, ఆగు అని చెప్పుకోవడానికి ఆర్‌టీఎస్ (మన యంత్రం అవతలికి చెప్పేది), సీటీఎస్ (అవతలివాడు మనకు చెప్పేది). దీంతో ఒక చిక్కుంది. ఈ ప్లగ్గు రెండు రకాలుగానూ దూరుతుంది, తిరగేసి పెట్టినా తెలియదు. ఓ ఆదివారం పొద్దున్నించి సాయంత్రం దాకా వైరింగ్ అంతా విప్పి మళ్లీ కట్టాను, చివరికి చూస్తే ప్లగ్గు తలకిందులుగా ఉంది. అప్పటి నుంచీ ప్లగ్గుకీ సాకెట్‌కీ పైవైపున ఒక్కో నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకున్నాను. మీరూ మొదటి రోజే పెట్టుకోండి.

దుబాసీగా నేను వాడేది ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్పు. కొన్ని వందల రూపాయల్లో నోడ్ఎంసీయూ బోర్డు రూపంలో దొరుకుతుంది. కానీ దాన్ని నేరుగా కలపకూడదు. ఆర్ఎస్423 లైన్ మీద వోల్టేజీ ప్లస్ 5, మైనస్ 5 మధ్య ఊగుతుంది, ఈ చిప్పుకు 3.3 దాటితే ప్రమాదం. మధ్యలో ఈ వోల్టేజీలను మార్చే మ్యాక్స్3232 చిప్పు ఉన్న చిన్న బోర్డు పెట్టాలి. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. ఆ చిప్పులో అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు లైన్లు మార్చే వీలుంది. చవక బోర్డుల్లో మాత్రం రెండే బయటికి ఇస్తారు. మీకు నాలుగూ కావాలి.

ఎందుకంటే, సీటీఎస్ లైన్ గాల్లో వదిలేస్తే మీ యంత్రం ఒక్క అక్షరం కూడా బయటికి పంపకపోవచ్చు. లోపలున్న 6850 అనే సీరియల్ చిప్పు తీరు అది, అవతలివాడు పంపమని చెప్పేదాకా నోరు విప్పదు. కొత్తవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోయి పోర్టు పాడైందనుకుంటారు. పరీక్షకు మాత్రం ప్లగ్గులో ఆర్‌టీఎస్, సీటీఎస్ రెండింటినీ చిన్న తీగతో కలిపేస్తే సరిపోతుంది. రోజూ వాడటానికి అది పనికిరాదు. తెర పైకి జరిగే ప్రతిసారీ యంత్రానికి కాస్త ఊపిరి పీల్చుకునే సమయం కావాలి, ఆ సమయంలో ఆగమని చెప్పడానికి ఆర్‌టీఎస్ ఉండాలి.

ఒకేసారి అన్నీ కలిపి ఏది తప్పో వెతుక్కోకండి. మొదట వైఫై లేకుండా, యూఎస్‌బీ సీరియల్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలపండి. ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ ప్రోగ్రామ్ (లైన్ మీదికి అక్షరాలు పంపి, వచ్చినవి చూపేది) తెరిచి 9600 వేగం, 8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్ పెట్టండి. యంత్రం మీద *ఎఫ్‌ఎక్స్ 7,7 అని కొట్టండి, వచ్చే డేటా వేగం 9600. *ఎఫ్‌ఎక్స్ 8,7 వెళ్లే డేటా వేగం. తర్వాత *ఎఫ్‌ఎక్స్ 3,1 కొడితే తెర మీద పడేదంతా లైన్ మీదికీ వెళుతుంది. చివరగా *ఎఫ్‌ఎక్స్ 2,1 కొట్టారంటే యంత్రం తన కీబోర్డును వదిలేసి లైన్ మాటే వింటుంది. ఇప్పుడు ల్యాప్‌టాప్ మీంచి ప్రింట్ 2+2 అని కొట్టి చూడండి. 4 అని జవాబు ల్యాప్‌టాప్ మీదా, పాత తెర మీదా ఒకేసారి పడుతుంది. కీబోర్డు పనిచేయడం లేదని టెన్షన్ పడకండి, బ్రేక్ కీ నొక్కితే మామూలైపోతుంది. ఆ 4 కనబడిందంటే కష్టమైన సగం దాటేశారు.

ఆ తర్వాత ల్యాప్‌టాప్ తీసేసి ఆ స్థానంలో ఈఎస్‌పీ బోర్డు. అందులో జిమోడెమ్ అనే ఫర్మ్‌వేర్ (చిప్పును నడిపే ప్రోగ్రామ్) ఎక్కించండి. అది మీ యంత్రానికి అచ్చం ఫోన్ మోడెమ్‌లా కనిపిస్తుంది. హేస్ కంపెనీ 1981లో తెచ్చిన ఏటీ ఆదేశాలే ఇక్కడా. ఏటీడబ్ల్యూ అంటే చుట్టుపక్కల వైఫైల పేర్లు చెబుతుంది. అదే ఆదేశానికి మీ వైఫై పేరు, పాస్‌వర్డ్ జోడిస్తే కలుస్తుంది. ఏటీడీ అని, ఫోన్ నంబర్ ఉండాల్సిన చోట ఇంటర్నెట్ చిరునామా, పోర్టు నంబర్ ఇస్తే డయల్ చేసినట్టు కలుపుతుంది. ఈ ఫర్మ్‌వేర్ మొదట 1200 వేగంతో మొదలవుతుంది కాబట్టి యంత్రాన్ని కూడా ముందు 1200లో పెట్టి, తర్వాత రెండింటినీ 9600కి మార్చుకోండి.

వైఫై దొరకడం లేదంటే తప్పు బహుశా మీది కాదు. ఈఎస్‌పీ8266కి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు. ఇప్పటి ఫైబర్ రౌటర్లు 2.4, 5 రెండింటినీ ఒకే పేరుతో ప్రసారం చేస్తాయి, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 మీద ఉంటే ఇంకో చిక్కు. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి విడిగా తెరవండి, 2.4 మాత్రమే, డబ్ల్యూపీఏ2. దీనివల్ల ఇంకో మేలుంది. ఈ లైన్ మీద వెళ్లేదంతా దాపరికం లేని మామూలు అక్షరాలే, దారిలో ఎవరైనా చదవొచ్చు. కాబట్టి పాత యంత్రాన్ని ఇంట్లోని మిగతా ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల నుంచి వేరుగా ఉంచడమే మంచిది. బ్యాంకు పాస్‌వర్డ్ కాదు గదా, మీరు ఇంకెక్కడైనా వాడే ఏ పాస్‌వర్డూ దీని మీద కొట్టకండి. బయటి నుంచి లోపలికి రావడానికి రౌటర్‌లో పోర్టు తెరవమని ఎవరు చెప్పినా వినకండి.

కలిశాక అక్షరాలు అక్కడక్కడా మాయమవుతుంటే హ్యాండ్‌షేక్, అంటే ఆ పంపు, ఆగు సైగలు, ఆలస్యమవుతోందని అర్థం. మీ యంత్రం వచ్చిన అక్షరాలు దాచుకునే సీరియల్ బఫర్‌లో ఇంకా 9 అక్షరాల చోటే మిగిలిందనగా ఆగు అంటుంది. ఆ మాట అటు చేరేలోపు వైఫై చిప్పు ఇంకో గుప్పెడు పంపేసి ఉంటుంది. *ఎఫ్‌ఎక్స్ 203,64 కొట్టండి, 64 అక్షరాల చోటు ఉండగానే ఆపుతుంది. నన్ను రెండు వారాలు తిప్పలు పెట్టిన జబ్బుకు మందు ఈ ఒక్క లైన్.

ఇక దీంతో ఏం చేయొచ్చు? ఈ యంత్రంలో మోడ్ 7 అని టెలిటెక్స్ట్ (టీవీలో అక్షరాల పేజీలు చూపే పద్ధతి) తెర ఉంది, 40 అక్షరాలు, 25 వరుసలు, తెరకు 1 కిలోబైటే ఖర్చు. బ్రిటన్‌లో 1979లో మొదలై, ఫోన్ లైన్ మీద సమాచారం ఇచ్చిన ప్రెస్టెల్ సర్వీసు పేజీలు దీని మీద అచ్చుగుద్దినట్టు వచ్చేవి. ఇప్పుడు అదే పద్ధతిలో టెల్‌స్టార్ అని అభిమానులు నడిపే సర్వీసు ఉంది, వైఫై మోడెమ్‌తో డయల్ చేస్తే రంగురంగుల పేజీలు వస్తాయి. దానికి కామ్‌స్టార్ లాంటి, ఆ రకం పేజీలు చూపే వ్యూడేటా ప్రోగ్రామ్ కావాలి, మామూలు టెర్మినల్‌తో రంగులు రావు. ఇంకో దారి, ఇంట్లో ఒక రాస్ప్‌బెర్రీ పై పెట్టుకుని మీ యంత్రాన్ని దానికి టెర్మినల్‌గా వాడటం. ఎన్‌క్రిప్షన్ పని ఆ రాస్ప్‌బెర్రీ పై చూసుకుంటుంది, లింక్స్ లాంటి అక్షరాల బ్రౌజర్‌తో వార్తలు చదువుకోవచ్చు.

నాకు వీటన్నిటికంటే ఆనందం ఇచ్చింది మాత్రం తెలుగు. ఈ యంత్రంలో తెలుగు అక్షరాలు లేవు. కానీ వీడీయూ 23 అనే ఆదేశంతో మనకు కావలసిన అక్షరం ఆకారాన్ని 8 బైట్లలో, ఎనిమిదింట ఎనిమిది చుక్కల గడిలో చెప్పొచ్చు. మామూలుగా 32 అక్షరాలకే చోటుంది, మన గుణింతాలు వత్తులు లెక్కేస్తే అది ఏ మూలకీ చాలదు. చాలా రోజులు ఇక్కడే ఆగిపోయాను. తర్వాత తట్టింది. మోడ్ 4 లాంటి బొమ్మ తెరల్లో ఒకసారి పడిన అక్షరం చుక్కలుగా మిగిలిపోతుంది, దాని ఆకారాన్ని తర్వాత మార్చినా పాతది చెదరదు. అంటే 224 అనే ఒక్క అక్షరాన్నే క్షణానికోసారి కొత్త ఆకారంతో చెప్పి, తెర మీద వేసి, మళ్లీ మార్చుకుంటూ పోవచ్చు. ఆకారాలు తయారుచేసే పని రాస్ప్‌బెర్రీ పై చేస్తుంది, తెలుగును ఒత్తులతో సహా సరిగ్గా కూర్చే ఫాంట్ సాఫ్ట్‌వేర్ దానికి ఉంది కదా. ఇటు యంత్రంలో ఉండాల్సింది ఒక్క లైన్ ప్రోగ్రామ్. రిపీట్, వీడీయూ గెట్, అంటిల్ ఫాల్స్. లైన్ మీద ఏ బైటు వస్తే అది తెరకు పంపడం, అంతే.

మొదట ఒక్కో అక్షరానికి 16 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు ఇచ్చాను. జగ్గయ్యపేట అని పంపితే గకారం కింది వత్తూ, యకారం కింది వత్తూ నలిగి రెండూ ఒకేలా కనిపించాయి. స్త్రీ అనే మాటైతే నల్లటి ముద్ద. ఎత్తు 24కి పెంచాను. మోడ్ 4లో ఇలా వరుసకు 20 అక్షరాలు, తెరకు 10 వరుసలు పడతాయి. ఒక్కో అక్షరానికి 6 గడులు, గడికి 11 బైట్లు, కర్సర్ జరపడానికి మరో పది. 9600 వేగంలో సెకనుకు 960 బైట్లు వస్తాయి కాబట్టి లెక్క ప్రకారం 12 అక్షరాలు రావాలి. బేసిక్ అంత తొందరగా అందుకోలేదు, కాస్త నెమ్మదిగానే వస్తాయి, మనిషి చదివే వేగానికి దగ్గరగా. మా అమ్మ పక్కన కూర్చుని ఒక్కో అక్షరం పడుతుంటే కూడబలుక్కుని పైకి చదివింది. ఆ యంత్రం పుట్టినప్పటి నుంచీ దాని తెర మీద తెలుగు చదివిన మొదటి మనిషి ఆవిడే అనుకుంటున్నాను.

మీ యంత్రం వెనక ఎకోనెట్ అని సాకెట్ ఉందని రాశారు. అది ఆకార్న్ సొంత నెట్‌వర్క్, ఒక తీగ మీద 254 యంత్రాల దాకా కూర్చునేవి. సాకెట్ ఉన్నంత మాత్రాన లోపల చిప్పులు ఉంటాయని కాదు, అవి విడిగా కొని వేయించుకునేవారు. మూత తీసి 68బి54 అని రాసిన చిప్పు ఉందేమో చూడండి. ఉంటే రాస్ప్‌బెర్రీ పైకి తగిలించే ఎకోనెట్ బ్రిడ్జి బోర్డుతో దాన్ని ఇంటి నెట్‌వర్క్‌కి కలపొచ్చు, ఫైళ్లు దాచుకోవడానికి చాలా బాగుంటుంది. కానీ క్లాక్, లైన్ చివర్లో టెర్మినేటర్లు అంటూ పని ఎక్కువ. ఒకే యంత్రం ఉన్నప్పుడు దీంతో మొదలుపెట్టొద్దనే నా సలహా.

కింద వ్యాఖ్యల్లో ఇంకొకరు అదే కాలపు కంప్యూటర్లైన కమోడోర్ 64, స్పెక్ట్రమ్ గురించి కూడా అడిగారు. కమోడోర్ యూజర్ పోర్టు 5 వోల్టుల లైన్, ఆర్ఎస్423లా ప్లస్ మైనస్ ఉండదు, కాబట్టి మ్యాక్స్3232 పెట్టకూడదు, దానికి తగిన వైఫై మోడెమ్ విడిగా దొరుకుతుంది. స్పెక్ట్రమ్‌కి స్పెక్ట్రానెట్ అనే కార్డు ఉంది, అందులో టీసీపీ ఐపీ మొత్తం ఒక చిప్పే చూసుకుంటుంది. పేరు మారినా అదీ దుబాసీ పద్ధతే.

ఇప్పుడు క్యాసెట్లు. సీరియల్ లైన్ పనిచేసిన రోజున టెల్‌స్టార్ కంటే ముందు వీటి పని చూడండి. బయటి నుంచి ఏదో లోపలికి తేవడం తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. నాన్నగారు రాసినవి మాత్రం ఆ టేపుల మీద తప్ప ఎక్కడా లేవు. ముందు ఒక్కో క్యాసెట్ కిటికీలోంచి టేపు అంచు చూడండి. తెల్లటి బూజు ఉంటే ప్లేయర్‌లో పెట్టకండి, పక్కన పెట్టి శుభ్రం చేయడం తెలిసినవాళ్లకు ఇవ్వండి. మిగతావాటిని యంత్రానికి కలపకముందే, ప్లేయర్ హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచి, ల్యాప్‌టాప్‌లో ఒకసారి మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేయండి. వేవ్ ఫైలుగా, 44.1 కిలోహెర్ట్జ్, ఎంపీ3గా కుదించకుండా. పాత టేపు ఎన్నిసార్లు తిరిగితే అంత రాలుతుంది, కాబట్టి లోడ్ కాకపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నించాల్సింది ఈ కాపీతోనే.

తర్వాత ల్యాప్‌టాప్ సౌండ్‌ను యంత్రం క్యాసెట్ సాకెట్‌కి ఇచ్చి లోడ్ చేయండి. బీబీసీ టేపు మీద ప్రోగ్రామ్ 256 బైట్ల ముక్కలుగా ఉంటుంది, ప్రతి ముక్కకూ తనిఖీ లెక్క ఉంటుంది, కాబట్టి తప్పు చదివితే యంత్రమే చెబుతుంది. అప్పుడు వాల్యూమ్ కొంచెం మార్చి, ఆ ముక్క ముందు నుంచి మళ్లీ వినిపించండి. ప్రోగ్రామ్ ఎక్కాక *ఎఫ్‌ఎక్స్ 3,1 కొట్టి లిస్ట్ అనండి. నాన్నగారు రాసిన ప్రతి లైనూ లైన్ నంబర్లతో సహా సీరియల్ తీగ మీదుగా ల్యాప్‌టాప్‌లోకి మామూలు అక్షరాలుగా వచ్చేస్తుంది. ఫైలుకు క్యాసెట్ మీద ఆయన చేతిరాతతో ఉన్న పేరే పెట్టండి, ఆ లేబుల్‌ను ఒక ఫొటో తీసి పక్కనే ఉంచండి. ప్రోగ్రామ్ మొదట్లో రెమ్ అని మొదలయ్యే లైన్లు ఉంటే జాగ్రత్తగా చదవండి. మాస్టార్లు ఏ తరగతికి, ఏ రోజు రాశారో అక్కడే రాసుకునేవారు.

పవర్ సప్లై మూత తీయించాక లోపలి కెపాసిటర్ల ఫొటో ఒకటి పెట్టండి. ఏవి మార్చాలో గుర్తుపెట్టి చెబుతాను. అప్పటిదాకా ప్లగ్ మాత్రం పెట్టకండి.